లంక కొండదారిలో అమ్మ ఎడమ చెయ్యి

ఒక చిన్న దేశాన్ని చుట్టి రావడానికి ముందు మా కొట్టు గల్లాపెట్టె దగ్గర ఒక పెద్ద వాదన గెలవవలసి వచ్చింది. శ్రీలంక చూడని వారి కోసం ఈ ప్రయాణం రాస్తున్నాను. ఏ విమానం ఎన్నింటికి, ఏ గది అద్దె ఎంత అన్న వివరాలు ఇందులో దాదాపు ఉండవు. అవి ఎవరికైనా ఫోన్‌లో దొరుకుతాయి.

గరివిడి: పటం మీద తూకపురాళ్లు

మాది గరివిడిలో కిరాణా కొట్టు. నాన్న గల్లా దగ్గర కూర్చుంటారు, అమ్మ సరుకుల ఆటో నడుపుతుంది. విజయనగరం టోకు బజారు నుంచి సరుకు తేవడం, చుట్టుపక్కల ఊళ్లలోని చిన్న కొట్లకు దింపి రావడం ఎన్నో ఏళ్లుగా ఆమె పని. వర్తకుల ఇంటి ఇల్లాలు మూడు చక్రాల బండి తోలడమేమిటని మొదట్లో నవ్వినవారే రానురాను తమ కొట్లకు ఆమెను బోణీకి పిలవసాగారు. ఉదయం జరిగే తొలి అమ్మకం బోణీ. అది మంచి చేతి మీదుగా జరిగితే రోజంతా బేరాలు బాగుంటాయని మా వీధి నమ్మకం. అమ్మ చెయ్యి మంచిదని పేరు. కొత్తగా కొట్టు తెరిచినవారు ఆమె వచ్చి ఒక అగ్గిపెట్టె అయినా కొనేదాకా మరొకరికి ఏమీ అమ్మేవారు కారు.

నిరుడు వానాకాలంలో చీపురుపల్లి రోడ్డు మీద గేదె అడ్డం వచ్చి బండి బోల్తా పడింది. అమ్మ ఎడమ మణికట్టు విరిగింది. కొన్నాళ్లకు ఎముక అతుక్కుంది, ఇక బండి నడపవచ్చునని డాక్టరు కూడా చెప్పారు. కాని ఆమె నడపలేదు. బోణీకి పిలిచినా వెళ్లలేదు. ఎవరు అడిగినా ఒకటే మాట: "నా సెయ్యి పోనాది." సరుకు తేవడానికి నాన్న కిరాయి బండి పెట్టారు. మా ఆటో కొట్టు వెనక టార్పాలిన్ కింద ఉండిపోయింది. అమ్మకు అన్న, అరసవల్లి గుడి దగ్గర పూజాసామగ్రి అమ్మే మా మావ, దానికి కొనే మనిషిని కూడా తెచ్చాడు.

నేను డిగ్రీ చదివిన మూడేళ్లూ వక్తృత్వ పోటీల్లో గడిపినదాన్ని. ఎదుటివారి వాదన ఎక్కడ బలహీనంగా ఉందో వెతకడం నాకు అలవాటైపోయింది. "పోనాది" అన్న అమ్మ మాటలో నాకు ఆధారం కనబడలేదు. ఆ చేత్తోనే ఆమె బిందెలు మోస్తోంది, రుబ్బురోలు తిప్పుతోంది. శ్రీలంకలో పర్యాటకులు ఆటో అద్దెకు తీసుకుని తామే నడుపుకోవచ్చునని చదివినప్పుడు నా పథకం మొదలైంది. రెండు వారాల్లో చుట్టి రాగలిగినంత దేశం, మనలాగే రోడ్డుకు ఎడమవైపు నడక, అన్నం తినే జనం. గల్లా బల్ల మీద పటం పరిచి, నాలుగు మూలలా తూకపురాళ్లు పెట్టి, ఊరి నుంచి ఊరికి పెన్సిలుతో గీత గీశాను. నా ఉద్దేశాన్ని దాచలేదు. నీ చెయ్యి మళ్లీ హ్యాండిల్ పట్టాలి, అందుకే ఈ ప్రయాణం అని అమ్మతోనే చెప్పాను.

మావ ఆ ఆదివారం వచ్చి అభ్యంతరాలు ఒక్కొక్కటిగా చెప్పాడు. దేశం కాని దేశం, భాష రాదు, తోడు మగవాడు లేడు. ఒక్కొక్కదానికీ జవాబిచ్చాను. డిగ్రీ తరవాత చెన్నైలో రెండేళ్లు చదివిన నాకు తమిళం వచ్చు, అక్కడ అదీ నడుస్తుంది. మగతోడు ఉన్న బండ్లు బోల్తా పడవా అని అడిగాను. ఆయన నన్ను వదిలేసి చెల్లెలి వైపు తిరిగాడు.

"నువ్వేటంటావే? తోలతావా?"

"తోలను. ఎనక సీట్లో కూకుంటాను. అది తోలతాది," అంది అమ్మ.

"మరి ఇక్కడ బండి అమ్మీడానికేటి?"

"తిరిగొచ్చాక సెప్తాను."

ఆ రోజు అందరం అంగీకరించినది ఆ ఒక్క మాటనే. అక్కడి రోడ్ల మీద నడపడానికి ఆ దేశపు అనుమతి కాయితం కావాలి. నా ఒక్కదాని పేరున చాలునంది అమ్మ. అప్పటిదాకా పప్పు తూస్తూ కూర్చున్న నాన్న తల ఎత్తకుండానే ఇద్దరి పేరునా తీయించమన్నారు. కాయితం తిండి పెట్టమని అడగదు కదా అన్నారు.

నెగొంబో: మనకు తెలిసిన బండి

కొలంబో విమానాశ్రయానికి దగ్గరలో సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు నెగొంబో. బండి అద్దెకిచ్చిన యజమాని యాభై దాటిన సింహళీయుడు, నిదానస్తుడు. ఎర్రరంగు ఆటో వాకిట్లో నిలబెట్టి ఉంది. అమ్మ చుట్టూ తిరిగి చూసి, ఇది మన దేశం నుంచి వచ్చిన బండేనని గుర్తుపట్టింది. సముద్రం దాటి వచ్చి కూడా మన బండి ఇక్కడి వీధులన్నీ ఏలుతోందని నాకు గర్వం కలిగింది. అమ్మ మాత్రం దాని ఎడమ పిడి వైపు చూసి చూపు తిప్పుకుంది. ఈ బండ్లలో క్లచ్చి నొక్కడం, గేరు తిప్పడం రెండూ ఎడమ చేతి పనులే.

ఎవరు నడుపుతారని యజమాని అడిగాడు. నేనని చెప్పాను. నాకు ఆటో నడపడం నేర్పింది అమ్మే, మా ఊరి మైదానంలో. కాని నేను ఎన్నడూ ఊరు దాటి నడపలేదు. నెగొంబో చేపల బజారు ముందు బండి రెండుసార్లు ఆగిపోయింది. వెనక నుంచి ప్రతి మలుపుకూ "గేరు, గేరు" అని వినబడుతూనే ఉంది. అంత తెలిసినప్పుడు ముందుకు రమ్మంటే, తాను దేశం చూడ్డానికి వచ్చానని జవాబు.

తొలి భోజనంలోనే చిన్న ప్రమాదం జరిగింది. మేము మాంసం, చేప ముట్టని వాళ్లం. ఆ సంగతి ఫలహారశాలలో గట్టిగా చెప్పాను. వడ్డించిన ఇడియాప్పంతో, అంటే బియ్యప్పిండితో చేసిన సేమ్యాలాంటి దానితో, ఎర్రటి కొబ్బరి పచ్చడి వచ్చింది. దాన్ని వారు పొల్ సంబల్ అంటారు. అమ్మకు ఎంత నచ్చిందంటే మారు వడ్డించుకుంది. ఆ తరవాత తెలిసింది, అందులో ఎండుచేప పొడి కలుపుతారని, అక్కడివారి లెక్కలో అది చేప కిందికి రాదని. నేను లేచి వాదనకు సిద్ధమయ్యాను. అమ్మ నోరు పుక్కిలించి వచ్చి, చెంగుతో మూతి తుడుచుకుని కూర్చుంది.

"ఊరుకోయే. సముద్రం ఒడ్డున కాసిన కొబ్బరి కదా, ఆ వాసన తగిలినాదనుకుందాం. తిన్నది తిన్నాం, ఇంక మావకి సెప్పకు."

ఇప్పుడు అచ్చులో చెబుతున్నందుకు అమ్మ నన్ను క్షమించాలి. మర్నాటి నుంచి చేప లేని పచ్చడి అడిగి చేయించుకోవడం నేర్చుకున్నాం. ధరల విషయం ఒకటి చెప్పాలి. మన రూపాయికి అక్కడ మూడు రూపాయల పైనే వస్తాయి. అందుచేత ఏ ధర విన్నా ముందు గుండె ఆగుతుంది, తరవాత భాగహారం చేసుకున్నాక తేరుకుంటుంది. పసుపురంగు కొబ్బరిబోండాం నూటయాభై అన్నప్పుడు అమ్మ బోండాన్ని తిరిగి బండి మీద పెట్టేయబోయింది.

అనురాధపురం: వెలిగే ఇటుకలు

ఉత్తరంగా రెండు రోజులు పొలాల మధ్య నడిపాక అనురాధపురం చేరాం. ప్రాచీన రాజధాని. తెల్లటి మహాస్తూపం చుట్టూ తెల్లబట్టల్లో జనం, చేతుల్లో తామరలు. స్తూపం చుట్టుకొలత పొడవునా చుట్టడానికి ఒక కుటుంబమంతా పొడవాటి వస్త్రాన్ని తల మీద మోసుకుంటూ నడుస్తోంది. ఎంతో మంది ఉన్నా మాటలు తక్కువ. మన యాత్రాస్థలాల్లోని మైకు, తోపులాట ఇక్కడ లేవు. ఇందులో మనం నేర్చుకోవలసినది ఉందని ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు.

ఉపదేశం అయిన వెంటనే తప్పు నేనే చేశాను. కూర్చున్న బుద్ధ విగ్రహానికి వీపు పెట్టి ఫొటో తీసుకోబోయాను. బుద్ధుడికి వీపు చూపడం అక్కడ అమర్యాద. కాపలా మనిషి పరుగెత్తుకుంటూ వచ్చి, కోప్పడకుండా, నా భుజాలు పట్టుకోకుండా, చేతి సైగతోనే నన్ను పక్కకు తిప్పాడు. అమ్మ చాలాసేపు నవ్వింది.

తెల్లబట్టల పెద్దాయన ఒకరు, రిటైరైన బడిపంతులు, మాది ఏ ఊరని ఇంగ్లీషులో అడిగారు. మా జిల్లాలో రామతీర్థం ఉందని, అక్కడి కొండ మీద ఇంతే పాత బౌద్ధుల ఇటుక కట్టడాలు ఉన్నాయని చెప్పాను. అది చెబుతున్నప్పుడు నా గొంతులో పోటీ వేదిక మీది ఉత్సాహం వచ్చింది. ఆయన సంతోషించి, అక్కడ దీపాలు పెడతారా అని అడిగారు. ఆ ఇటుకల నీడలో మేకలు పడుకోవడం చూశాను తప్ప దీపం చూడలేదు. ఆయన ప్రశ్నను అమ్మకు తెలుగులో చెప్పాను.

"నాను ఎడతాను," అంది అమ్మ. "రాముల గుడికెల్లినప్పుడల్లా ఆ కొండెక్కి ఒక ఒత్తి ఎలిగించొస్తాను. ఎవులు కట్టినా కట్టినోళ్ల సెమట సెమటే కదేటి?"

ఇన్నేళ్లలో నాకు తెలియని సంగతి అది. నేను అనువదించి చెప్పగా పెద్దాయన అమ్మకు రెండు చేతులూ జోడించారు.

ఆ ఉదయమే పూల దుకాణం దగ్గర మరొకటి గమనించాను. అప్పుడే తెరిచిన దుకాణం. అమ్మ తామరలు ఎంచింది, డబ్బు మాత్రం నా చేత ఇప్పించింది. తన చేత్తో బోణీ చేస్తే పూలమ్మే అమ్మాయికి ఆ రోజు బేరాలన్నీ పాడవుతాయని భయం. చేతికీ అమ్మకానికీ కార్యకారణ సంబంధం లేదని నేను నిరూపించబోయాను.

"లేదు కదా? మరి నువ్వే ఇవ్వు. నీకేటి నష్టం?"

తర్కంలో దీనికి జవాబు ఉంది. ఆ పూల ముందు మాత్రం నేను నోటు తీసి ఇచ్చాను.

కొండల్లోకి: మంచు, లీక్సు, ఒక తల్లి

మాతలే, కేండీ దాటి దక్షిణంగా ఎక్కుతూ పోతే తేయాకు కొండలు మొదలవుతాయి. నువర ఎలియ ఊరు ఎంత ఎత్తంటే మిట్టమధ్యాహ్నం కూడా శాలువా కప్పుకోవాలి. కొండలకు ఎవరో ఆకుపచ్చ చీరలు మడత నలగకుండా కట్టినట్టు తోటలు. ఆ తోటల్లో పని చేసేవారు తమిళులు, మన దేశం నుంచి తరాల కిందట తరలివెళ్లినవారి సంతానం. ఆ భాష చెవిన పడగానే నాకు సగం ఊరు చేరినట్టు అనిపించింది.

మరునాటి ఉదయం మంచులోనే బయలుదేరాం. ఒక మలుపు దగ్గర టీ కోసం ఆగాను. రోడ్డు పక్కన నలభై ఏళ్ల స్త్రీ, పేరు సెల్వి, కూరగాయల బస్తాలు పేర్చుకుని ఉంది. అమ్మకు అక్కడ ఉల్లికాడల్లాంటివే, చేతికర్రంత లావున్నవి కనిపించాయి. లీక్సు అంటారట. నేను టీ చెబుతుండగా అమ్మ ఒక కట్ట అందుకుని, పరధ్యానంగా తన చేత్తోనే నోటు ఇచ్చేసింది. సెల్వి ఆ నోటును కళ్లకద్దుకుని, బస్తాలన్నిటికీ తాకించి, నవ్వుతూ "బోణీ" అంది.

తమిళంలోనూ అదే మాట. అమ్మ ముఖం పాలిపోయింది.

నేను వెళ్లి సెల్విని పలకరించాను. ఆమె తమ్ముడి ఆటో రావాలి, అందులో దిగువ ఊరి వారపు సంతకు సరుకు చేర్చాలి. సంత పొద్దున్నే ముగిసిపోతుంది, ఆలస్యమైతే టోకు వారు వెళ్లిపోతారు. మా ముందే ఫోన్ వచ్చింది. తమ్ముడి బండి బ్రేకులు పోయాయట. సెల్వి రోడ్డు మీదికి వెళ్లి వచ్చే వాహనాలన్నిటికీ చెయ్యెత్తింది. బస్సు ఆగలేదు. వ్యాన్లు నిండుగా ఉన్నాయి. అమ్మ టీ చల్లారిపోతోంది.

"సూసినావా? నా సేతి బోణీ," అంది నాతో, చాలా నెమ్మదిగా. కాసేపటికి లేచింది. "మన బండిలో ఏసీమను ఆ బస్తాలు."

నేను అభ్యంతరం చెప్పాను. మాకు ఇచ్చిన అద్దె ఒప్పందంలో సరుకు కిరాయికి మోయరాదని స్పష్టంగా ఉంది, నేను సంతకం చేశాను. సంతకం చేసిన మాటను మన సౌకర్యం కోసం దాటకూడదన్నది నా నియమం. అది అమ్మకూ తెలుసు.

"కిరాయికనేనా రాసున్నాది?"

"అవును."

"మనం కిరాయి తీసుకుంటన్నామేటి?"

నేను ఒప్పందాన్ని మనసులో మళ్లీ చదువుకున్నాను. ఆమె వాదన నిలుస్తుంది. బస్తాలు వెనక సీటు నిండా ఎక్కించాం. వాటి మధ్య సెల్వి, ఆమె పక్కన ఇరుక్కుని అమ్మ. నేను హ్యాండిల్ పట్టాను. సంతకు దిగే దారికి ముందు నిటారైన ఎత్తు ఒకటి ఉంది. దాని నడిమిలో ఇంజను ఆగిపోయింది. మళ్లీ వేశాను. బండి ముందుకు పోయే బదులు వెనక్కి జారింది. బ్రేకు మీద నిలబడ్డాను. ఎడమవైపు తేయాకు లోయ, మంచులో అడుగు కనబడలేదు. నా వల్ల కాదని పైకే అన్నాను.

వెనక నుంచి అమ్మ దిగింది. ఒక రాయి తెచ్చి చక్రం కింద పెట్టింది. నా పక్కకు వచ్చి నిలబడింది. కొంతసేపు తన ఎడమ చేతిని చూసుకుంది, వేళ్లు మూసి తెరిచింది.

"జరుగే," అంది.

నేను దిగి వెనక్కి వెళ్లాను. ఎడమ పిడి మీద ఆమె చెయ్యి బిగియడం, మణికట్టు తిరగడం చూశాను. మొదటిసారి గేరు పడలేదు. రెండోసారి పడింది. ఇంజను చప్పుడు మారింది, బండి రాయిని వదిలి కదిలింది. ఎత్తు ఎక్కడం కన్నా దిగడమే ప్రమాదమని, మొదటి గేరు వదలకుండా దిగాలని నాకు చదివి తెలుసు. అమ్మ అలాగే దిగింది. ప్రతి మలుపులో హారన్ కొడుతూ, బస్సులకు దారి ఇస్తూ, ఎవరికీ భయపడకుండా. సెల్వి తమిళంలో నా చెవిలో అడిగింది, మీ అమ్మ ఎన్నాళ్లుగా నడుపుతోందని. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నా పుట్టుక ముందు నుంచేనని చెప్పాను. అది నిజం కాదు. ఆ క్షణంలో అంతకన్నా చిన్న మాట సరిపోదనిపించింది.

సంత ఇంకా విడిపోలేదు. సెల్వి బస్తాలు దింపుకుని, డబ్బు ఇవ్వబోయి, అమ్మ కళ్లు చూసి మానేసి, బట్టర్‌ఫ్రూట్లు, అంటే అవకాడో పండ్లు, ఆమె ఒళ్లో పోసింది. ఆ రోజు ఆమె సరుకంతా అమ్ముడుపోయిందో లేదో నాకు తెలియదు. కాబట్టి మంచి చేతి సిద్ధాంతం రుజువైందని నేను రాయను. ఆ నమ్మకాన్ని నేను ఇప్పటికీ ప్రశ్నిస్తాను. కాని ఏడాదిగా డాక్టరు మాట, నా మాట చేయలేని పనిని ఆ నమ్మకం కలిగించిన బాధ్యత చేసింది. బోణీ చేసినవారు ఆ రోజు మంచిచెడ్డల్లో భాగస్తులని అమ్మ అనుకుంటుంది. భాగస్తురాలు వెనక సీట్లో కూర్చోలేకపోయింది. దీన్ని ఎదుటిపక్షం వాదన అనడానికి నాకు ఇప్పుడు మనసు రాదు.

గాల్: కోటగోడ మీద పెరుగు

తరవాత ప్రయాణమంతా బండి అమ్మ చేతిలోనే ఉంది. వెనక సీట్లో కూర్చుని దేశం చూడటం ఎంత సుఖమో అప్పుడు తెలిసింది. దక్షిణ తీరంలో రోడ్డు పొడవునా మట్టి మూకుళ్లలో గేదె పెరుగు అమ్ముతారు, దాని మీద కితుల్ చెట్టు నుంచి తీసిన పాకం పోస్తారు. మన తాటిబెల్లం పాకానికి దగ్గరి చుట్టం. గాల్ ఊరి పాత కోటగోడ మీద కూర్చుని ఇద్దరం ఒక మూకుడు ఖాళీ చేశాం. గేదె మీద ఇంక కోపం లేదని అమ్మ అంది.

ఊరి బయట పోలీసులు ఆపారు. యువకుడైన అధికారి వెనక కూర్చున్న నన్ను కాయితాలు అడిగాడు. నేను ముందున్న ఆమెను అడగమన్నాను. అమ్మ చెంగు ముడి విప్పి తన పేరున్న అనుమతి కాయితం అందించింది. అతడు చదివి, ఆమె ముఖం చూసి, నీడలో కూర్చున్న పై అధికారిని పిలిచి చూపించాడు. ఆయన వచ్చి, ఎక్కడెక్కడ తిరిగారని అడిగారు. అనురాధపురం, కేండీ, నువర ఎలియ అని అమ్మ ఊళ్ల పేర్లన్నీ వరుసగా చెప్పింది. కొండదారి కూడా మీరేనా అన్నారు ఆయన. నేను అనువదించేలోపే అమ్మకు అర్థమైంది. గుండె మీద చెయ్యి పెట్టుకుని తల ఊపింది. అన్ని వేదికల మీద నాకు వచ్చిన చప్పట్లూ కలిపినా ఆ తల ఊపులో ఉన్న నిండుదనం లేదు.

గరివిడి: ఆదివారం సరుకు

తిరిగి వచ్చిన వారానికి మావ కొనే మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. కొట్టు వెనకకు వెళ్లి చూసి, తిరిగి వచ్చాడు. అక్కడ మడిచి పెట్టిన టార్పాలిన్ మాత్రమే ఉంది.

"బండేదిరా బావా?" అని నాన్నను అడిగాడు.

"లోడుకెళ్లింది," అన్నారు నాన్న.

"ఎవులు తోలతన్నారు?"

నాన్న మావకు, ఆ మనిషికి టీ తెప్పించారు. ఆ మనిషి టీ తాగి వెళ్లిపోయాడు. మావ వెళ్లలేదు. ఎండ వాలేదాకా కొట్టు అరుగు మీద కూర్చున్నాడు. రైలు గేటు దాటి ఆటో వస్తున్న చప్పుడు వినగానే లేచి నిలబడ్డాడు. అమ్మ బండి ఆపి, దుమ్ము దులుపుకుంటూ దిగింది. మావ ఆమె ఎడమ చేతిని తన చేతిలోకి తీసుకుని, మణికట్టు దగ్గర వేలితో నొక్కి చూశాడు.

"నొప్పేటీ లేదా?"

"వానొస్తే ఉంటాది."

మావ ఆ చెయ్యి వదిలాడు. తరవాత, ఎటో చూస్తూ అడిగాడు. ఆదివారం గుడికి జనం బాగా వస్తారు, కొట్టుకి కొబ్బరికాయలు కావాల, తన బండివాడు మాట తప్పినాడు, ఆదివారం పొద్దున్న తెస్తావా అని.

"ఆదివారం నెల్లిమర్ల లోడున్నాదన్నయ్యా," అంది అమ్మ. "శనివారం సాయంత్రమే దింపేస్తాను. నువ్వు కొట్టు తెరిసుంచు."